చౌక ధర నేర్పిన అలవాటు

మన మధ్యతరగతి జీతగాణ్ని షేర్ల దారి పట్టించింది ప్రభుత్వమే అంటే వింతగా ఉంటుంది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం చాలా విదేశీ కంపెనీలను తమ వాటా 40 శాతానికి దించుకోమంది. కోకా-కోలా, ఐబీఎం మూట సర్దుకున్నాయి. కోల్గేట్ వంటివి ఉండిపోయి ఇక్కడి జనానికి షేర్లు అమ్మాయి. ఆ షేర్ల ధరను 1947 నాటి మూలధన జారీ నియంత్రణ చట్టం కింద నియంత్రణాధికారి కంపెనీ ఆస్తులు, పాత లాభాలు లెక్కగట్టి ఖరారు చేసేవాడు. అది తరచూ మార్కెట్ ధరకన్నా బాగా తక్కువ. దాంతో దరఖాస్తులు వెల్లువెత్తేవి, కేటాయింపు లాటరీలో తేలేది. షేరు దక్కడమే లాభమైనప్పుడు బ్యాలెన్స్ షీటు చదివే ఓపిక ఎవరికి?

అంతకు చాలా ముందే, 1860లలో, పత్తి లాభాలతో బొంబాయి జనం సముద్రాన్ని పూడ్చే బ్యాక్‌బే కంపెనీ షేర్లకు ఎగబడలేదా అనవచ్చు. ఎగబడ్డారు, అమెరికా అంతర్యుద్ధం ముగిసి పత్తి ధర కూలగానే 1865లో మునిగారు కూడా. కానీ అది ప్రధానంగా ఒక నగరపు జ్వరం. 1977 నాటి రిలయన్స్ ఇష్యూ ఇంకా గట్టి అభ్యంతరం: స్వదేశీ కంపెనీ, అయినా చిన్న మదుపరులు వేలల్లో కొన్నారు. ధీరూభాయ్ అంబానీ నేర్పును తక్కువ చేయలేం. అయితే అదీ నియంత్రణ కాలంలో, 10 రూపాయల ముఖవిలువకే వచ్చింది. అసలు పరీక్ష 1992లో ఆ 1947 చట్టం రద్దయ్యాక ఎదురైంది. ధర నిర్ణయం కంపెనీల చేతికొచ్చింది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధత అదే ఏడాది దక్కినా పట్టు చిక్కడానికి సమయం పట్టింది. 1990ల మధ్యలో డబ్బు వసూలు చేసి మాయమైన కంపెనీలను నమ్మినవారిలో, కొత్త ఇష్యూ అంటే నష్టముండదని వెనకటి ఇరవయ్యేళ్లలో అలవాటుపడ్డవాళ్లు ఉండటంలో ఆశ్చర్యమేమీ లేదు.