బొగ్గు బస్సు, దాని ఊపిరి గొట్టం

కారు గురించి మాట్లాడితే అందరూ పిస్టన్, హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోతారు. ఇంజన్‌ ఊపిరి పీల్చే గొట్టం సంగతి ఎవరికీ పట్టదు. దాని పేరు ఇన్‌టేక్ మేనిఫోల్డ్. కార్బురేటర్ కలిపిన గాలినీ పెట్రోలునీ అన్ని సిలిండర్లకీ పంచేది అదే. మా చిత్తూరు జిల్లాలో ఓ కాలంలో జనం బస్సు తోసుకుంటూ పోవడానికి ఈ గొట్టం కూడా ఒక కారణం.

1941లో పెట్రోలుకి రేషన్ పెట్టారు. 1942లో బర్మా జపాన్ చేతికి పోయింది, అక్కడి నూనె బావులూ దక్కలేదు. దాంతో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో బస్సులు బొగ్గు మీద పడ్డాయి. బస్సుకి పీపాలాంటి పొయ్యి, అందులో కట్టెబొగ్గు. చాలినంత గాలి తగలకుండా మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి ఇంజన్‌కి పంపేవాళ్ళు. క్లీనరు చెయ్యి పీకేదాకా ఫ్యాను తిప్పేవాడనీ, ఎత్తు వస్తే జనం దిగి తోసేవాళ్ళనీ మా శాంతిపురం వైపు పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను.

ఎందుకు తోయాల్సొచ్చింది? ఆ గ్యాసులో సగానికి సగం నైట్రోజనే, అది మండదు. పైగా గ్యాసు ఎంతో గాలి కూడా దాదాపు అంతే కలపాలి. ఇంజన్ బలం సగానికి దగ్గరగా పడిపోయేది. దానికి తోడు మేనిఫోల్డ్. పెట్రోలు ఆవిరి కావాలి కాబట్టి ఆ గొట్టాన్ని పొగగొట్టానికి ఆనించి వేడి చేసేవాళ్ళు, చుక్కలు అడుగున పేరుకోకుండా సన్నగా పెట్టేవాళ్ళు. గ్యాసుకి ఈ రెండూ శత్రువులే. వేడెక్కితే వ్యాకోచిస్తుంది, సిలిండర్లోకి తక్కువ పోతుంది. దానికి కావాల్సింది వెడల్పాటి చల్లటి గొట్టం. ఇక పలమనేరు, కుప్పం వైపు నేల 2,000 అడుగులకి పైమాటే. అక్కడ అసలు గాలే కొంచెం పలచన!

కొత్త మేనిఫోల్డ్ పోత పోయించడం బస్సు యజమానికి అయ్యే పనా? ఉన్నదాని మూతికి గ్యాసు గొట్టం అతికించి, మధ్యలో గాలి వాల్వు పెట్టేవాళ్ళు. డ్రైవరు ఇంజన్ చప్పుడు వింటూ చేత్తో దాన్ని సర్దుకోవాలి. గ్యాసు నిదానంగా మండుతుంది కనక స్పార్కు కాస్త ముందుకి జరిపేవాళ్ళు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్యాచ్ అన్నమాట. అందంగా ఉండదు, బండి మాత్రం కదులుతుంది.

తమాషా ఏంటంటే, ఈ రోజుల్లో చాలా కార్లలో పెట్రోలుని వాల్వు మూతి దగ్గరో, నేరుగా సిలిండర్లోనో చల్లుతారు. మేనిఫోల్డ్‌లో ఉండేది గాలే, కాబట్టి దాన్ని వేడి చెయ్యక్కర్లేదు. ప్లాస్టిక్‌తో కూడా చేస్తున్నారు. ఆ బొగ్గు బస్సుకి కావాల్సిన చల్లటి గొట్టం ఇదే!

ఇంధనం మార్చడమంటే ట్యాంకు మార్చడం కాదు. గ్యాసయినా ఇథనాలయినా అంతే. నిర్ణయం ఎక్కడో పైన జరుగుతుంది. సర్దుకునేది మాత్రం మెకానిక్కు, క్లీనరు, దిగి తోసిన జనం. చరిత్ర రాసేటప్పుడు వాళ్ళకీ ఓ పేజీ ఇవ్వద్దూ?