మాట వినిన గోడ



నిస్తంత్రి వార్తావిద్యకు 130 ఏండ్లకు మించిన చరిత్ర కలదు. పంపు యంత్రము పెరిగినది. అందుకొను యంత్రమును పెరిగినది. నడుమనున్న దారి మాత్రము చిరకాలము మనుష్యునికి లొంగలేదు. దానిని లొంగదీయు ప్రయత్నమే నేటి ప్రసంగవిషయము.

1888లో జర్మనీదేశపు కార్ల్‌స్రూహె పట్టణమున హైన్‌రిఖ్ హెర్ట్జ్ పండితుడు గోడకు పెద్ద జింకు రేకు తగిలించి, దానిపైకి విద్యుత్తరంగములను పంపెను. మరలిన తరంగము ఎదురువచ్చు తరంగముతో కలిసి కొన్నిచోట్ల బలపడెను, కొన్నిచోట్ల అణగిపోయెను. గోడ తరంగమునకు మిత్రమును, శత్రువును కాగలదని నాడే తేలినది.

1960 ఆగస్టు 12న అమెరికావారు అల్యూమినియపు పూతగల 100 అడుగుల బుడగను ఆకాశమునకు పంపిరి. దాని పేరు ఎకో. అది తరంగములను భూమికి మరల్చెను గాని, గుండ్రనిదగుటచే నలుదిక్కులకును చెదరగొట్టెను. అందినది స్వల్పము.

1963లో బెరీ, మాలెక్, కెనెడీ అనువారు చిన్నగదులతో నిండిన పలకను వర్ణించిరి. గది లోతునుబట్టి తరంగము కొంత ఆలస్యముగా మరలును. ఆలస్యములు కుదిరినచో చదునైన పలకయు పుటాకారదర్పణమువలె పనిచేయును. 2014లో చైనాలోని నాన్‌జింగ్ నగరమున త్సుయ్ టియెజున్ బృందమువారు గదులలో డయోడులను మీటలుగా నమర్చి, ఆలస్యములను ఆజ్ఞానుసారము మార్చిచూపిరి. ఇట్టివానినే నేడు రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేసులందురు. మనము మాటవిను పలకలందము.

బండ లాగువారు హైలెస్సా యని యొక్కమారు పట్టుపట్టినట్లు, అన్ని గదుల తరంగములును శ్రోతయున్నచోట నొక్కలయను కలియవలెను. శ్రోత కదలినచో ఆజ్ఞలును మారవలెను.

దీని యవసరమేమి? క్రొత్త టెలిఫోనులకై ఎంచుచున్న మిక్కిలి పొట్టి తరంగములు వార్తలను విస్తారముగా మోయును గాని, గోడ యడ్డమైనచో నిలిచిపోవును. చాటుననున్నవాడు ఒంటరియగును. ప్రతిచాటునకు నొక స్తంభము నాటుట బహువ్యయము. కొద్దిపాటి విద్యుత్తుతో పనిచేయు పలకను గోడకు తగిలించుట సులభము.

అయినను ఆనకట్ట నీటిని పుట్టింపదు. వచ్చిన నీటినే మళ్లించును. పలకయు నంతే. స్టేషనునుండి పలకకు, పలకనుండి శ్రోతకు, రెండు ప్రయాణములందును బలము తరుగును. కావున పలక మిగుల పెద్దదైనను కావలెను, ఏదో యొక కొసకు చేరువనైన నుండవలెను. ఈ చిక్కులను విచారించి ప్రమాణములకు దారి యేర్పరచుటకు 2021లో ఐరోపా టెలికమ్యూనికేషన్ల ప్రమాణసంస్థ యొక సంఘమును స్థాపించెను.

హెర్ట్జ్ పండితుని రేకు తనంత తానే మరల్చెను. నాన్‌జింగ్ పలక చెప్పినవైపునకు మరల్చెను. ఈ రెంటి నడుమ 126 ఏండ్లు గడచినవి.