రేవ్ నుంచి రాక్‌లోకి: ప్రాడిజీ నడిచిన దారి

యంత్రాలనూ ఎలక్ట్రిక్ గిటార్లనూ ఒక్కచోట చేర్చినవాళ్లు బ్రిటిష్ బృందం ప్రాడిజీకి ముందే ఉన్నారు. షెఫీల్డ్‌లో క్యాబరే వోల్టేర్, మాంచెస్టర్‌లో న్యూ ఆర్డర్, చికాగోలో మినిస్ట్రీ 1980లలోనే ఆ పని చేశారు. అయితే న్యూ ఆర్డర్ పంక్‌లో పుట్టి డాన్స్ వైపు వచ్చింది. ప్రాడిజీ ఎదురు దిక్కు నుంచి వచ్చింది. తెల్లవార్లూ సాగే రేవ్ డాన్స్ పార్టీలలో మొదలై రాక్‌లోకి చొచ్చుకుపోయింది. ఆ సంగీతంలోని కసికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

1990లో ఎసెక్స్‌లోని బ్రెయిన్‌ట్రీ అనే చిన్న ఊళ్లో లియామ్ హౌలెట్ ఇంట్లో కూర్చుని రోలాండ్ డబ్ల్యూ-30 శాంప్లర్ మీద ట్రాకులు కట్టేవాడు. అంతకుముందు అతను హిప్‌హాప్ డీజే. కీత్ ఫ్లింట్, లీరాయ్ థార్న్‌హిల్ ఆ ట్రాకులు విని, వేదిక మీద మేం ఆడతామని ముందుకొచ్చారు. మాక్సిమ్ మైకు పట్టాడు. ఎక్స్ఎల్ రికార్డింగ్స్ అనే స్వతంత్ర లేబుల్ వాళ్ల రికార్డులు వేసింది. పిల్లల భద్రత కోసం తీసిన పాత ప్రచార చిత్రంలోని పిల్లి గొంతును శాంపిల్ చేసి కట్టిన ‘చార్లీ’ 1991లో బ్రిటిష్ చార్టులో 3వ స్థానానికి ఎక్కింది. ఆ వెనకే దాన్ని అనుకరించే కార్టూన్ పాటలు వచ్చిపడ్డాయి. రేవ్‌ను చంపింది ఈ పాటేనా అని మిక్స్‌మ్యాగ్ పత్రిక నిలదీసింది.

హౌలెట్ జవాబు పనిలోనే చెప్పాడు. 1993లో బృందం పేరు లేకుండా, ‘ఎర్త్‌బౌండ్’ అని మాత్రం వేసి ఒక వైట్ లేబుల్ రికార్డు వదిలాడు. ప్రాడిజీ అంటే పెదవి విరిచిన డీజేలే దాన్ని ఇష్టంగా వేశారు. అదే తర్వాత ‘వన్ లవ్’గా వాళ్ల పేరుతో వచ్చింది.

ఈలోగా ప్రభుత్వం రేవ్‌ల మీద పడింది. 1992లో కాసిల్‌మార్టన్ మైదానంలో జరిగిన రేవ్‌లో వేలమంది రోజుల తరబడి ఆడిపాడారు. దాని పర్యవసానంగా 1994 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టంలో, పదేపదే మోగే దరువును కూడా నిర్వచించి, ఆరుబయట రేవ్‌లను ఆపే అధికారం పోలీసులకిచ్చారు. ‘మ్యూజిక్ ఫర్ ది జిల్టెడ్ జనరేషన్’ వచ్చింది ఆ ఏడే. లోపలి అట్ట మీది బొమ్మలో ఒక కుర్రాడు, లోయకు అవతల నిలబడ్డ పోలీసులకు వేలు చూపిస్తూ తాళ్ల వంతెన తెగ్గోస్తుంటాడు. గిటారు గట్టిగా మోగడం ఈ ఆల్బంతోనే మొదలు. ‘దెయిర్ లా’ను పాప్ విల్ ఈట్ ఇట్‌సెల్ఫ్ బృందంతో కలిసి చేశారు. ‘వూడూ పీపుల్’ గిటారుకు నిర్వాణ బృందం పాటలోని రిఫ్ ఆధారం. కోపానికి తగిన శబ్దం వాళ్లకు గిటారులో దొరికింది.

1996 మార్చిలో వచ్చిన ‘ఫైర్‌స్టార్టర్’ ఆ పద్ధతికి పరాకాష్ఠ. ది బ్రీడర్స్ పాటలోంచి ఒక గిటారు ముక్క, ఆర్ట్ ఆఫ్ నాయిస్ నుంచి ఒక ఆడగొంతు కేక తీసుకుని హౌలెట్ వాటిని దరువుకు బిగించాడు. రాక్ బృందంలో గిటారు పాటను నడుపుతుంది; ఇక్కడ గిటారే దరువు చెప్పినట్టు వింటుంది. అప్పటిదాకా డాన్సర్‌గానే ఉన్న ఫ్లింట్ తొలిసారి గొంతెత్తిందీ ఇందులోనే. లండన్‌లో మూతపడ్డ ఆల్డ్‌విచ్ మెట్రో స్టేషన్ సొరంగంలో తీసిన నలుపు తెలుపు వీడియోలో అతని తీరు చూసి పిల్లలు జడుసుకుంటున్నారని బీబీసీకి ఫిర్యాదులు వెళ్లాయి. పాట మాత్రం 3 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

మరుసటి ఏడు ‘ది ఫ్యాట్ ఆఫ్ ది ల్యాండ్’ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చార్టుల్లో అగ్రస్థానానికి చేరింది. అందులో క్రిస్పియన్ మిల్స్ పాడిన ‘నారాయణ్’ 9 నిమిషాలు సాగుతుంది. నారాయణ మంత్రం ఆ హోరులో నలిగిపోకుండా, తానే దరువై నిలబడుతుంది. తెలుగువాళ్లు ఒకసారి చెవిపెట్టి వినదగ్గ పాట.

2004 నాటి ఆల్బంలో ఫ్లింట్, మాక్సిమ్ గొంతులు లేవు. ఆ లోటు నాకు స్పష్టంగా వినబడుతుంది. 2009లో సొంత లేబుల్ పెట్టుకుని తెచ్చిన ‘ఇన్వేడర్స్ మస్ట్ డై’లో ఇద్దరూ తిరిగొచ్చారు. నిర్వాణలో వాయించిన డేవ్ గ్రోల్ అందులో డ్రమ్స్ వాయించాడు. 2019 మార్చిలో 49 ఏళ్లకే ఫ్లింట్ చనిపోయాడు. హౌలెట్, మాక్సిమ్ 2022 నుంచి మళ్లీ కచేరీలు చేస్తున్నారు.