మారుపలుకు నేర్చిన యంత్రము

చెన్నై నుండి కలకత్తా పోవు రాజమార్గము మీద, విజయవాడకును ఏలూరునకును నడుమ, ఆంజనేయస్వామి గుడి పేరున వెలసిన కూడలి హనుమాన్ జంక్షన్. ఇచ్చట ఒక దారి నూజివీడునకును వేరొకటి గుడివాడకును చీలును. వేసవిలో నూజివీటి రసాలు లారీలకెక్కి ఈ కూడలి మీదుగ తరలిపోవుట అందరు నెరిగినదే. ఆ లారీ గేరుపెట్టె ఎక్కడనో ఒక కోత యంత్రము క్రింద రూపు దిద్దుకొన్నది. కూడలికి చేరువనున్న మల్లవల్లి పారిశ్రామికవాడలో 2025 మార్చిలో అశోక్ లేలండు వారి బస్సుల కర్మాగారము ప్రారంభమైన పిమ్మట, ఇట్టి యంత్రముల సంగతి ఈ ప్రాంతపు యువకులు తెలిసికొనగోరుట సహజము. వానిలో మిల్లింగు యంత్రమును, దానిని నడుపు సర్వో మోటారును నేటి ప్రసంగమునకు విషయములు.

లేతులో వస్తువు తిరుగును, ఉలి నిలిచియుండును. మిల్లింగులో పండ్లుగల కట్టరు తిరుగును. బల్లకు బిగించిన వస్తువు మెల్లగా దాని క్రిందికి జరుగును. బల్లను కుడియెడమలకును, ముందువెనుకలకును, క్రిందుమీదులకును జరుపుటకు మూడు పొడవైన స్క్రూలు, వానికి మూడు చేతిచక్రములు. పూర్వపు పనివాడు చక్రము మీది గీతలు చూచుచు, ఇనుపరజను రంగును కట్టరు మ్రోతను గమనించుచు త్రిప్పెడివాడు. స్క్రూ అరిగినచో చక్రము కొంతదూరము వృథాగా తిరుగును. కర్మాగారములలో దానిని ప్లే అందురు. తన యంత్రమున ఎంత ప్లే యున్నదో ఆ పనివానికే తెలియును. అది ఏ పుస్తకమునందును వ్రాసియుండదు. అయితే రెండు చక్రములను ఒకేసారి తగిన పాళ్లలో త్రిప్పి చక్కని వంపు కోయుట ఎంత నేర్పరికైనను కష్టమే.

యంత్రము తన స్థితిని తానే గమనించి సర్దుకొనుట యను ఊహ మాత్రము పాతది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రమునకు గవర్నరును తగిలించెను. వేగము హెచ్చినచో దాని గుండ్లు పైకెగసి ఆవిరిని తగ్గించెడివి. అట్టి సాధనములు ఎప్పుడు నిలుకడగ నుండునో, ఎప్పుడు ఊగిసలాడునో 1868లో మాక్స్‌వెల్ గణితముతో చూపెను. 1873లో ఫ్రెంచి ఇంజనీరు జోసెఫ్ ఫార్కో ఓడ చుక్కానిని త్రిప్పు ఆవిరి సాధనమును వర్ణించుచు దానికి సర్వో మోటారని పేరిడెను. లాటిను భాషలో సర్వస్ అనగా దాసుడు. పేరునకు దాసుడే గాని, ఆజ్ఞ ఎంతవరకు నెరవేరినదో క్షణక్షణము విన్నవించుచు పనిచేయు దాసుడు.

ఈ విన్నపమును ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అందురు, మనము మారుపలుకందము. శ్రోతల యింటి రేడియోలోను ఇది కలదు. దూరపు కేంద్రము నుండి వచ్చు తరంగము బలము మారుచున్నను ధ్వని ఒక్కతీరుగ వినవచ్చుటకు కారణము, సెట్టు తన బలమును తానే కొలుచుకొని సర్దుకొనుటయే. హెరాల్డ్ వీలర్ 1925లో దీనిని రూపొందించెను. టెలిఫోను ఆంప్లిఫయరులకు హెరాల్డ్ బ్లాక్ 1927లో ఇదే నీతిని ప్రయోగించెను. 1934లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో హేజెన్ సర్వో యంత్రములకు సిద్ధాంతము వ్రాసెను. అచ్చటనే 1940లో గోర్డన్ బ్రౌన్ సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీని నెలకొల్పెను. యుద్ధకాలమున ఫిరంగులను గురిపెట్టు పని దానికి వచ్చినది.

ఫిరంగి నుండి మిల్లింగునకు బాట వేసినవాడు మిషిగన్‌లో హెలికాప్టరు రెక్కలు చేయుచుండిన జాన్ పార్సన్స్. రెక్క వంపును అతడు అంకెలుగ లెక్కకట్టించెను. ఒకడు అంకెలు చదువుచుండ, ఇద్దరు చెరియొక చక్రమును త్రిప్పెడివారు. ఆ చక్రములను మోటారులే త్రిప్పవలెనని అతడు తలపోయగా, 1949లో అమెరికా వైమానిక దళము ధనమిచ్చెను. మోటారుల పని ఎం.ఐ.టి. వారికి చేరెను. 1952 సెప్టెంబరులో సిన్సినాటి హైడ్రోటెల్ మిల్లింగు యంత్రమును రంధ్రముల కాగితపు టేపుతో నడిపి చూపిరి. ఆనాటి రేడియోలలోని వాల్వుల వంటివి వందలకొలది దాని బీరువాలలో వెలుగుచుండెను.

ఇచ్చట ఒక వివాదము కలదు. అంతకు కొంత ముందే జనరల్ ఎలక్ట్రిక్ వారు మరియొక మార్గము చూపియుండిరి. అందులో పనివాడు మొదటి వస్తువును తన చేతితోనే కోయును; ఆ కదలికలు అయస్కాంతపు టేపు మీద నమోదగును; తరువాత యంత్రము వానిని మరల నడుపును. పరిశ్రమ ఈ మార్గమును విడిచి అంకెలనే ఎన్నుకొనెను. పనివాని తెలివిని కచ్చేరీగదికి తరలింపవలెనను యజమానుల కోరికయు దీనికి కారణమని చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో వాదించెను. చేతికి లొంగని వంపులకు అంకెలు తప్పవు గనుక ఆ వాదము సంపూర్ణము కాదని నా అభిప్రాయము. కాని ప్లే సంగతి ఎరిగినవానిని ఎవరును అడుగకపోవుట మాత్రము నిజమే.

జపానులో ఫుజిత్సు సంస్థయందు ఇనాబా సెయుఎమోన్ 1956లో ఈ పని మొదలిడెను. ఆ శాఖయే 1972లో ఫానుక్ పేర వేరుపడి, 1974లో డీ.సీ. సర్వో మోటారులను చేపట్టినది. ఇక మన నేల మాట. సికింద్రాబాదులో 1943లో ప్రాగా టూల్సు పుట్టెను. బెంగుళూరున 1953లో ఆరంభమైన హెచ్.ఎం.టి. తన హైదరాబాదు కర్మాగారమును 1965లో తెరచెను. ప్రాగా కాలక్రమమున అందులో చేరిపోయెను. తెలుగునాట ఎందరో యువకులు మైక్రాన్ అనగా ఏమో నేర్చుకొన్నది ఈ రెండు చోట్లనే.

మారుపలుకు విద్యలో మనకు చిరస్మరణీయుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. 1956 ఆగస్టులో ట్రాంబేలో పనిచేయనారంభించిన అప్సర రియాక్టరు నియంత్రణ సాధనములు వారి విభాగము చేసినవే. 1967లో హైదరాబాదున వారు నెలకొల్పిన ఈ.సీ.ఐ.ఎల్. తరువాత బెంగుళూరు సమీపమున బ్యాలాళులో, చంద్రయాన్ కొరకు 32 మీటర్ల ఆంటెన్నాను నిలబెట్టెను. అంతటి పళ్లెరమును చంద్రుని వెంట త్రిప్పునదియు, మిల్లింగు బల్లను జరుపునదియు ఒకే జాతి దాసుడు.

ఇప్పుడు పాత మిల్లింగు యంత్రమునకు సర్వోలు తగిలింపబూనిన వాని పని చూతము. చేతిచక్రము తీసి మోటారు, అరిగిన స్క్రూ తీసి గుండ్లమీద నడచు బాల్‌స్క్రూ అమర్చును. కంప్యూటరునకును మోటారునకును నడుమ డ్రైవు అను పెట్టె యుండును. చిరకాలము కంప్యూటరు దానికి పంపిన ఆజ్ఞ ఒక వోల్టేజి: పది వోల్టులు ధనమైన ఒక దిశ, ఋణమైన ఎదురుదిశ, పరిమాణమును బట్టి వేగము. తరువాత అంకెల రూపమున సందేశములు పంపు పద్ధతులు వచ్చినవి. 2003లో వెలువడిన ఈథర్‌క్యాట్ వానిలో ఒకటి.

మారుపలుకు చెప్పునది మోటారు వెనుక నుండు ఎన్‌కోడరు. అందు 2,500 గీతల బిళ్ల యున్నదనుకొందము. పావుగీత తేడాతో రెండు సంకేతములు వచ్చుటచే ఒక చుట్టునకు 10,000 లెక్కలు దొరకును. ఏది ముందు వచ్చినదో చూచి దిశయు తెలియును. స్క్రూ చుట్టునకు బల్ల 5 మిల్లీమీటర్లు జరిగినచో ఒక్కొక్క లెక్క అర మైక్రాను.

ఈ రెండు సంకేతముల తీగలు తారుమారైనచో కుడికి పోయిన బల్ల ఎడమకు పోయినదని మారుపలుకు వచ్చును. తప్పు పెరుగుచున్నదని డ్రైవు మరింత బలము పెట్టును, తప్పు మరింత పెరుగును. రెప్పపాటులో బల్ల కొసకు పోయి ఢీకొనును. చేయి అడ్డమున్నచో చేయి పోవును. తీగలు సరియైనను, సవరించు తీవ్రత మితిమీరినచో, లౌడుస్పీకరు ముందు పెట్టిన మైకు వలె యంత్రము కూయనారంభించును. మాక్స్‌వెల్ లెక్కించిన ఊగిసలాట ఇదియే. ఇంటిలో మిక్సీ తిరిగినప్పుడు రేడియో బరబరమనును గదా? డ్రైవు మోటారునకు ఇచ్చు విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెంచి పంపును. ఆ రొద ఎన్‌కోడరు తీగలో చొరబడినచో లేని లెక్కలు పుట్టును. అందుచే ఆ తీగను లోహపు అల్లికతో కప్పి, మోటారు తీగకు దూరముగ నడుపవలెను.

కాబట్టి తెలిసిన మేస్త్రీ మోటారును స్క్రూకు వెంటనే బిగింపడు. ముందు దానిని విడిగా ఉంచి, మోటారునకు పోవు విద్యుత్తు ఆపి, ఇరుసును వ్రేళ్లతో కుడికి త్రిప్పి తెర మీది అంకె పెరుగునో తరుగునో చూచును. ఎర్రమీట నొక్కి డ్రైవు ఆగునో లేదో పరీక్షించును. బల్ల కొసలనున్న స్విచ్చులను ఒక్కొక్కటిగ చేతితో నొక్కి చూచును. పిమ్మట అతి తక్కువ వేగమున మోటారును తిరుగనిచ్చి, చేయి ఎర్రమీట మీదనే యుంచి, చెవియొగ్గి వినును.