తెరమీద నిలిచిన యంత్రములు



గడచిన మాసమున మా మనుమరాలు నన్ను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక ఆంగ్ల చలనచిత్రమును చూపినది. దాని పేరు ‘హోమ్ ఎలోన్’. అది 1990వ సంవత్సరమున వెలువడినది. షికాగో నగరసమీపమున నివసించు ఒక పెద్ద కుటుంబము క్రిస్మసు పండుగకు పారిసు నగరమునకు విమానముపై బయలుదేరును. ఆ తొందరలో ఎనిమిదేండ్ల బాలుని ఇంటనే మరచిపోవును. విమానము సముద్రముమీద పోవుచుండగా తల్లికి సంగతి తెలియును. పారిసున దిగినంతనే ఆమె టెలిఫోనుకడకు పరుగెత్తును. ఇంటి తంతి చెడియున్నది. ఇరుగుపొరుగువారందరు పండుగకు ఊళ్లు పోయినారు. ఆ ఘట్టమున మా మనుమరాలు, “తాతయ్యా, ఆ అబ్బాయి సెల్లుకు చెయ్యొచ్చుగా?” అని అడిగి నవ్వినది.

నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు నేను వెంటనే చెప్పలేకపోయిన సమాధానమే నేటి యీ ప్రసంగము.

శ్రోతలారా, చరిత్రకారులు పాత శాసనములను ఎట్లు చదువుదురో మీరు వినియుందురు. రాజు తన దానమును లోకమునకు చాటుటకై శాసనము చెక్కించును. చరిత్రకారుడు ఆ దానమును గ్రహించుటయేగాక, భూమిని ఏ కోలతో కొలిచిరి, ఏ పన్నులు వసూలుచేసిరి అను సంగతులను గూడ దానినుండి తెలిసికొనును. చెక్కించినవాడు చెప్పదలచినది యొకటి. మనకు దక్కినది మరియొకటి. చలనచిత్రములును అట్టివే. 1990 మొదలు 1999 వరకు వచ్చిన చిత్రములును, టెలివిజను కథలును నవ్వించుటకో యేడిపించుటకో తీయబడినవి. కాని వానిలో ఆనాటి యంత్రములు, వానితో మనుష్యులు పడిన పాట్లు చెక్కుచెదరక నిలిచియున్నవి.

మొదట చెప్పిన కథనే చూడుడు. రాత్రి గాలికి చెట్టుకొమ్మ విరిగి తంతులమీద పడును. విద్యుత్తు పోవుటచే గడియారములు తప్పును; ఇంటివారు ఆలస్యముగా మేల్కొందురు. విద్యుత్తు బాగుపడినది గాని టెలిఫోను తంతులకు మరి రెండు దినములు పట్టునని పనివాడు ముందే చెప్పిపోవును. కథ యంతయు ఆ రెండు దినములమీద నిలిచియున్నది. చేతిలో పట్టుకొనిపోదగిన టెలిఫోను అమెరికాలో 1983లోనే అమ్మకమునకు వచ్చినమాట నిజమే. కాని దాని బరువు ముప్పాతిక కిలోకు పైబడి యుండెను. వెల దాదాపు 4,000 డాలర్లు. 1990లో ఎనిమిదేండ్ల బాలునియొద్ద అది యుండుట యెవరును ఊహింపజాలని సంగతి. కావున ఆ తల్లి దుఃఖమును చూచి ఆనాటి ప్రేక్షకులలో ఎవరును “ఫోను చేయరాదా?” అని అడుగలేదు.

రెండవ యుదాహరణము ‘సైన్‌ఫెల్డ్’ అను టెలివిజను నాటకమాల. ఇది 1989 మొదలు 1998 వరకు నడచినది. 1991లో ప్రసారమైన ఒక భాగమున ముగ్గురు స్నేహితులు న్యూయార్కులోని ఒక చీనా భోజనశాలకు పోవుదురు. బల్ల ఖాళీ యగువరకు నిలుచుందురు. కథ యంతయు ఆ నిలుచుండుటయే. ఇందులో కథ యేమున్నదని ప్రసారసంస్థవారు మొదట ఇష్టపడకుండిరట. ఆ ముగ్గురిలో జార్జి యనువాడు తన స్నేహితురాలితో మాటలాడవలెను. భోజనశాలలో ఉన్నది ఒక్కటే టెలిఫోను. దానిని ఇతరులు వదలరు. తుదకు ఆమెయే అక్కడికి ఫోను చేయును. యజమాని జార్జి పేరును తప్పుగా పిలుచును. ఎవరును పలుకకపోగా అతడు లేడని ఆమెకు చెప్పివేయును. పేరు తప్పుట యొక్కటే. ఒక సాయంకాలము చెడిపోయినది. పోస్టాఫీసు ముంగిట ట్రంకుకాలు కొరకు కూర్చుండి, మన పేరు పిలిచినప్పుడు వినబడక పోగొట్టుకొన్నవారికి ఈ హాస్యములోని బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నాటకమాలలోనే మరియొక భాగమున ఇదే జార్జి, సందేశములను పట్టియుంచు యంత్రములో కోపముతో నోటికి వచ్చినట్లు మాటలాడును. ఇల్లు విడిచిపోయినవారి కొరకు ఆ యంత్రము టేపుమీద మాటలను దాచును. ఆమె వినకమునుపే ఆ టేపును మార్చివేయవలెనని అతడు పడు యాతనయే ఆ కథ. మాట యొక వస్తువై, చేత పట్టుకొని దొంగిలింపదగినదై యుండిన కాలమది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికి వచ్చెదను.

మూడవది 1998లో వచ్చిన ‘యూ హావ్ గాట్ మెయిల్’ అను చిత్రము. ఒక చిన్న పుస్తకముల అంగడి యజమానురాలు, ఆ యంగడిని మూయించు పెద్ద యంగడి యజమాని, ఒకరినొకరు ఎరుగక కంప్యూటరుద్వారా ఉత్తరములు వ్రాసికొని ప్రేమించుకొందురు. ఈ కథకు మూలము 1937లో ఒక హంగేరీ రచయిత వ్రాసిన నాటకము. దానిని 1940లో ఒకమారు చలనచిత్రముగా తీసియుండిరి. అప్పుడు ఉత్తరములు తపాలాలో నడచినవి. 1998లో టెలిఫోను తంతిమీద నడచినవి. కంప్యూటరులోని అంకెలను మోడెమ్ అను పెట్టె ధ్వనులుగా మార్చి తంతిమీద పంపును. చిత్రము మొదట వినవచ్చు ఆ కీచుధ్వని అదియే. ఆనాటి మేటి మోడెమ్ సైతము సెకనుకు 56,000 బిట్లకు మించి పుచ్చుకొనజాలకుండెను. ఒక మంచి ఛాయాచిత్రము చేరుటకు నిమిషములు పట్టెడివి. ఆ సమయమున ఇంటికి వేరొక పిలుపు వచ్చుటకు వీలులేదు.

ఈ చిత్రములో నాకు నచ్చినది మరియొకటి కలదు. నాయికతో మొదట స్నేహముగా నుండు పత్రికారచయిత కంప్యూటరును ద్వేషించి టైపురైటర్లను ప్రేమించును. ప్రేక్షకులు అతనిని చూచి నవ్విరి. నేడు అతడు ద్వేషించిన యంత్రమే పాతబడినది. ఆ చిత్రమునకు పేరిచ్చిన సంస్థవారి టెలిఫోను తంతి ఇంటర్‌నెట్టు 2025 సెప్టెంబరు 30తో నిలిచిపోయినది. ఉత్తరము వచ్చినదని పలుకు ఆ ప్రసిద్ధమైన కంఠము ఎల్వుడ్ ఎడ్వర్డ్సు అను నాయనది. ఆయన 1989లో ఆ మాటలను ఒక సాధారణమైన క్యాసెట్టులో పలికి యిచ్చెను. 2024లో కాలధర్మము నొందెను. మాట నిలిచినది; పలికినవాడు పోయెను.

మన దేశమునందును అదే దశకమున ఇట్టి మార్పులే కలిగినవి. ఎస్‌టీడీ బూతుల పసుపుపచ్చని పలకలు వీథివీథిని వెలసినవి. 1995 జూలై 31న మొదటి సెల్‌ఫోను సంభాషణ కలకత్తానుండి ఢిల్లీకి జరిగినది. ఆ యేటనే ఆగస్టు 15న ఇంటర్‌నెట్టు ప్రజలకు లభించినది. కాని ఆ మరుసటి సంవత్సరము తమిళమునుండి ‘ప్రేమలేఖ’ యను పేర తెలుగులోనికి వచ్చి జనులను ఆకర్షించిన చిత్రమున, ఒకరి ముఖము నొకరు చూడని నాయికానాయకులు ఉత్తరములతోనే ప్రేమించుకొనిరి. క్రొత్తది వచ్చినంతనే పాతది పోదు. రెండును కొంతకాలము కలిసి నడచును.

ఇక నా సంగతి. మా తమ్ముడు 1994లో అమెరికాకు పోయెను. మా ఊరి బూతునుండి అక్కడికి మాటలాడుటకు నిమిషమునకగు వ్యయము మావంటివారికి మోయరానిది. అందుచే మా అమ్మ క్యాసెట్టులో మాటలాడెడిది. పొలము సంగతులు, గేదె యీనిన సంగతి, ఎవరింట పెండ్లియో, ఎవరు పోయిరో, అన్నియు చెప్పెడిది. పోవువారి చేత దానిని పంపెడివారము. వాడు విని, దానిమీదనే తన మాటలు నింపి తిరిగి పంపెడివాడు. అందుచే మొదటి మాటలు చెరిగిపోయెడివి. అప్పుడు అది పొదుపుగా తోచెనే గాని నష్టముగా తోచలేదు.

1999లో మా అమ్మ గతించినది. ఆమె మాటలున్న కడపటి క్యాసెట్టు ఇంటనే మిగిలెను. మరుసటి సంవత్సరము మా యింట పెండ్లి జరిగినప్పుడు పాటలకు క్యాసెట్టు చాలలేదు. దానిమీద పాటలు నింపినవాడను నేనే. ఇతరుల తప్పు కాదు. పెట్టెమీద పేరు లేదు. నేను చూడను లేదు. జార్జి తన మాట ఒకరు వినకుండుటకై టేపును దొంగిలించెను. నేను నా తల్లి మాటను తెలియకయే తుడిచివేసితిని.

కొన్ని యేండ్ల క్రిందట ఆ క్యాసెట్టును పట్టణమున ఒక కుఱ్ఱవానికిచ్చి కంప్యూటరులోనికి ఎక్కింపుమంటిని. టేపుమీద బూజు పట్టియుండెను. అతడు ఓపికగా తుడిచి నడిపించెను. పాటలు వచ్చినవి. కడపటి పాట ముగిసి టేపు అయిపోవుటకు ముందు, నేను నింపక విడిచిన చోట, అమ్మ కంఠము వినబడినది. “ఇది తిరుగుతోందా, ఆగిపోయిందా? సరేలే, అన్నం వేళకి తినరా” అన్నది. అంతటితో టేపు అయిపోయినది. మా తమ్ముడు దానిని అమెరికాలో విని ఒక దినమంతయు నాతో మాటలాడలేదు. మరునాడు తానే పిలిచి, “అంతైనా దొరికిందిగా అన్నయ్యా” అన్నాడు.

కావున పాత యంత్రములను తలచుకొని పరవశించువారితో నేను పూర్తిగా ఏకీభవింపను. 2019లో వచ్చిన ‘కెప్టెన్ మార్వెల్’ అను చిత్రము 1995నాటి కథ. అందు కంప్యూటరులో పెట్టిన పళ్లెము తెరచుకొనువరకు అందరు వేచియుందురు, ప్రేక్షకులు నవ్వుదురు. 1995లో తీసిన చిత్రమైన, ఆ వేచియుండుట నవ్వు పుట్టించెడిది కాదు. నాటి వేచియుండుటలో ఓరిమి యుండెను, నిజమే. దానితోపాటు అందని కబురు, చెరిగిన మాట, ఆలస్యమైన తంతి గూడ నుండెను. మా మనుమరాలు నేడు తన పినతాత ముఖమును చూచుచు మాటలాడుచున్నది. దానిని నేను తక్కువచేసి చెప్పజాలను.

అయినను ఒక్క మనవి. అయస్కాంతపు పూత పూసిన టేపు తేమను పీల్చి అంటుకొనును, పూత రాలును, బూజు పట్టును. వీడియో క్యాసెట్టు యంత్రములను చేయుచుండిన కడపటి జపాను సంస్థ 2016లో ఆ పని మానినది. నడిపించు యంత్రము లేనిచో ఉన్న టేపు మూగది. మీ యిండ్లలో అటకలమీద, ట్రంకుపెట్టెలలో ఇట్టి క్యాసెట్టులుండవచ్చును: పెండ్లివి, హరికథలవి, పెద్దల మాటలవి. పేరు లేనివానిని పారవేయకుడు. వానిమీద మరేమియు నింపకుడు. మీ మనుమలచేత ఈ యేడే క్రొత్త యంత్రములలోనికి ఎక్కింపుడు. ఎక్కించినపిమ్మట ఆ కంఠము ఎవరిదో, ఏ యేటిదో మీ నోట చెప్పి వ్రాయింపుడు. అది వారికి తెలియదు.

చలనచిత్రములలోని యంత్రములను లోకము కాపాడును. మన యింటి మాటను మనమే కాపాడుకొనవలెను.

సెలవు.