ఇల్లు కట్టే శాస్త్రం ఎవరి సొత్తు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. ఇంటికయ్యే ఖర్చు ఎంతటిదో ఆ సామెతకు తెలుసు. ఆ ఖర్చులో పరిశోధనకు పోయేదెంత అనే ప్రశ్న మాత్రం అందులో లేదు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా ఇది ఇంజనీర్లకే వదిలిపెట్టదగిన ప్రశ్న కాదని నా అభిప్రాయం.

మందుల కంపెనీ పరిశోధనకు డబ్బు పెడుతుంది. పేటెంటు దాని లాభానికి కాపలా. కట్టడాల కాంట్రాక్టరుకు ఆ భరోసా తక్కువ. అతడు కనిపెట్టిన మెలకువ గోడ లేచేసరికి పక్క కాంట్రాక్టరు కంటపడుతుంది. టెండరేమో తక్కువ రేటు వేసినవాడికి దక్కుతుంది. కనుక ఈ పరిశ్రమలో పరిశోధనా భారం ప్రభుత్వం మీద పడడం యాదృచ్ఛికం కాదు.

బ్రిటన్ చరిత్ర ఇందుకు తార్కాణం. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు ఇళ్లు ఇస్తామని పాలకులు మాట ఇచ్చారు. 1919లో గృహనిర్మాణ చట్టం వచ్చింది. తీరా చూస్తే ఇటుకలూ చాలవు, తాపీపనివారూ చాలరు. 1921లో ప్రభుత్వ ధనంతో బిల్డింగ్ రిసెర్చ్ స్టేషన్ వెలిసింది. 1925లో వాట్‌ఫర్డ్ దగ్గరి గార్స్టన్‌కు తరలింది. 1937లో లండన్ శివార్లలోని చింగ్‌ఫర్డ్ వద్ద ఒక జలాశయపు మట్టికట్ట కడుతుండగానే జారిపోయింది. అడుగున మెత్తని బంకమట్టి పొర ఉందనీ, యంత్రాలతో వేగంగా పోసిన మట్టి బరువుకు తట్టుకునేలా గట్టిపడే వ్యవధి దానికి దొరకలేదనీ పరీక్షలు తేల్చాయి. ఆ జ్ఞానం ఒక కంపెనీ పెట్టెలో మూతపడలేదు. అచ్చయి అందరికీ పాఠమైంది.

1997లో ఆ సంస్థను ప్రైవేటుపరం చేశారు. తమ సరుకుకు పరీక్ష చేయించుకునే ఉత్పత్తిదారుల ఫీజులు దానికి ఒక రాబడి అయినాయి. అయితే దోషమంతా ప్రైవేటుదే అని చెప్పి చేతులు దులుపుకుంటే చరిత్రకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. 2001లో ప్రభుత్వమే డబ్బిచ్చి చేయించిన పరీక్షలో, పాలిథిలిన్ నింపిన అల్యూమినియం పలకల తొడుగు నిమిషాలలో భగ్గుమంది. ఆ ఫలితాన్ని ప్రచురించలేదు, నిబంధనలను బిగించలేదు. 2017 జూన్ 14న అదే జాతి పలకలు తొడిగిన లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. అది స్థానిక కౌన్సిలు వారి అద్దె ఇళ్ల మేడ. 2024లో వచ్చిన విచారణ నివేదిక ప్రభుత్వాన్నీ, ఉత్పత్తిదారులనూ, ఈ పరిశోధనా సంస్థనూ తప్పుపట్టింది.

మనకూ రూర్కీలో 1947లో ఏర్పడిన కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఉంది. పరిశోధనకు ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టమని మనం అడగాలి. అది న్యాయమైన కోరిక. దానితోపాటు ఇంకొకటి కూడా అడగాలి. ప్రజల డబ్బుతో తేలిన నిజం గోడ కట్టే పాలమూరు కూలీకీ, ఆ గోడల మధ్య పడుకునే అద్దె మనిషికీ చేరుతున్నదా? చేరని నిజానికి ఎంత ఖర్చు పెట్టినా అది బీరువాలో పడివున్న కాగితమే.