మధ్యయుగపు ఫ్రెంచి వీరగాథలలో ప్రేమాదర్శము

మధ్యయుగపు నైటుల ప్రేమను ఒకే ధర్మశాస్త్రమునకు లోబడిన ఆచారముగా వర్ణించుట పరిపాటియైనది. ప్రియురాలు పరుల భార్య. నైటు ఆమెకు దాసుడు. ఆమె యాజ్ఞ యతనికి అలంఘ్యము. దీనికి 'ఆస్థానప్రేమ' యను పేరు 1883లో ఫ్రెంచి పండితుడు గాస్తోన్ పారీ రచనవలన ప్రసిద్ధి కెక్కినది. అయితే పన్నెండవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆర్థరు రాజు కథలను కావ్యములుగా రచించిన క్రెతియేఁ ద త్రువాను పరిశీలించినచో, అట్టి ఏకశాసనము మాకు కానరాలేదు. ప్రేమకును వీరధర్మమునకును గల సంఘర్షణమే ఆయన కథావస్తువు. ఈ యంశమును మూడు కావ్యముల మూలమున నిరూపింప యత్నింతుము.

మొదట ఈ భావమునకు పుట్టినిల్లు తెలియవలెను. దక్షిణ ఫ్రాన్సున త్రుబదూరులను గేయకవులు ప్రియురాలిని 'నా ప్రభువు' అను అర్థము గల 'మిదోన్స్' అను పదముతో పేర్కొనిరి. సామంతుడు ప్రభువునకు చేయు ప్రమాణము, సేవ, విశ్వాసము ఇచ్చట ప్రేమభాషగా మారినవి. కావున దీనిని మన యాలంకారికుల పరకీయాశృంగారముతో సమానమని తేల్చుట తొందరపాటు. నాయిక అన్యుని భార్య యగుటకంటె, ఆమె ప్రభుస్థానమున నిలుచుటయే ఇచ్చట ముఖ్యము.

ఈ సేవాభావము లాన్సిలాట్ కథలో పరాకాష్ఠ నందినది. అపహృతయైన గ్వినివీర్ రాణిని వెదకుచు పోవు లాన్సిలాట్‌ను, నేరస్థుల నూరేగించు బండి నెక్కినచో ఆమె జాడ తెలియునని ఒక మరుగుజ్జు పిలుచును. అతడు అపకీర్తికి వెఱచి రెండడుగుల సేపు సంశయించి, పిదప ఎక్కును. అనంతరము కత్తివంతెనను దాటి, కాలుసేతులు గాయపడి వచ్చిన వానిని రాణి ఆదరింపదు. ఆ రెండడుగుల సంశయమే అపరాధమని తరువాత తెలియును. మరియొకచో ఆమె యాజ్ఞపై పోటీలో పిరికివానివలె ప్రవర్తించి నవ్వులపాలగును. వస్తువును, భావమును షాంపేన్ ప్రభ్వి మరీ ప్రసాదించెనని కవి పీఠికలో చెప్పినాడు. కావ్యమును ముగించినది మాత్రము గొదఫ్రువా ద లేన్యీ.

తక్కిన రెండు కావ్యములలో ప్రేమ దాంపత్యమునందే నిలిచినది. ఎరెక్ వివాహానంతరము ఎనీద్‌పై మక్కువతో ఆయుధములను విడుచును. లోకనిందకు ఆమె కన్నీరు గార్చును. అతడామెను వెంట గొని సాహసయాత్రకు బయలుదేరి, మాటాడరాదని శాసించును. అపాయము కనబడినపుడెల్ల ఆమె యాజ్ఞను మీరి హెచ్చరించును. ఆ మీఱుటయే ఆమె ప్రేమకు నిదర్శనము. ఇవేన్ కథ దీనికి విలోమము. భార్యయైన లోదీన్ వద్ద ఒక సంవత్సరము గడువు గొని, మిత్రుడు గవేన్‌తో పోటీలకేగి, గడువును మఱచును. ఉంగరమును తిరిగి తీసికొనుటకు ఆమె దూతిక రాగా, అతడు మతి చెడి అడవుల పాలగును. పిమ్మట ఆర్తులైన స్త్రీలను రక్షించుచు మరల ఆమె క్షమకు పాత్రుడగును.

ఎరెక్‌కు ప్రేమ అధికమై కీర్తి తగ్గెను. ఇవేన్‌కు కీర్తి అధికమై ప్రేమ తప్పెను. లాన్సిలాట్ ప్రేమకై కీర్తినే ధారవోసెను. ఒకే కవి ముగ్గురిని మూడు తీరుల పరీక్షించెను. అందుచేత ఆదర్శమన నిచ్చట నియమము గాదు, తూకము.

ఈ కాలముననే ఆంద్రేయాస్ కపెల్లానుస్ ప్రేమకు నియమములను కూర్చి లాటిన్ గ్రంథము రచించెను. వివాహము ప్రేమను తిరస్కరించుటకు సాకు గాదని అందొక నియమము. కాని తన మూడవ భాగమున ఆయనయే ప్రేమను ఖండించెను. ఆ గ్రంథమును 1277లో పారిస్ బిషప్పు నిషేధించెను. ఇట్టి గ్రంథమును ఆనాటి సమాజాచారమునకు సాక్ష్యముగా గొనరాదు. ఆనాడు ప్రభువంశములలో వివాహము భూములకు, వారసత్వమునకు సంబంధించినది. మరీ తల్లియగు ఎలియనోర్‌కు ఫ్రాన్సు రాజుతోడి వివాహము 1152లో రద్దయినది. అదే సంవత్సరము ఆమె, తరువాత ఇంగ్లండు రాజైన హెన్రీని వరించినది. ఆమెతో అక్విటేన్ రాజ్యభాగమును చేతులు మారినది.

అందువలన రాణి పాదములకడ నైటు మోకరిల్లు దృశ్యమును చూచి, ఆనాటి స్త్రీలకు అధికారము దక్కినదని మేము తలపము. జీవితమున స్త్రీకి లభింపని ప్రభుత్వమును కావ్యము ఊహించెను. ఆ యూహకు వీరుడు చెల్లింపవలసిన మూల్యమునుగూడ అదే లెక్కగట్టెను. క్రెతియేఁ కావ్యముల విలువ ఈ లెక్కలోనే యున్నదని మా యభిప్రాయము.